చుక్కాని చక్రము

ఓడ అనగానే తెరచాపలతోపాటు పలువురి మనస్సున మెదలు వస్తువు ఆకులుగల పెద్ద కొయ్యచక్రము. నౌకాసంస్థల ముద్రలపైనను, రేవుపట్టణములలోని దుకాణముల పలకలపైనను ఆ చక్రమే కనబడుచుండును. కాని మానవుని నౌకాయాన చరిత్రలో దాని వయస్సు చాల కొద్ది. 1492లో అట్లాంటికు మహాసముద్రమును దాటిన కొలంబసు ఓడలలో చక్రము లేదు. 1498లో కాలికట్టు చేరిన వాస్కోడగామా ఓడలలోను లేదు. భూమిని మొట్టమొదట చుట్టి 1522లో స్పెయినునకు తిరిగివచ్చిన మాగెల్లాను అనుచరులు అట్టి చక్రము నొకదానిని కంటితోనైన చూచి యుండలేదు. వేల సంవత్సరములుగా సాగుచున్న నౌకాయానములో చుక్కాని చక్రము వచ్చి మూడువందల సంవత్సరములకు కొంచె మెక్కువ మాత్రమే అయినది.

చక్రము రాకకు పూర్వము నావికుని చేయి చుక్కానిని నేరుగనో, లేక ఒకటి రెండు కర్రల ద్వారానో తాకుచుండెను. చక్రము వచ్చిన తరువాత చేతికిని చుక్కానికిని నడుమ త్రాడు, కప్పీ, గొలుసు, పళ్ళచక్రము, ఉక్కుతీగ ఒకదాని వెనుక నొకటి వచ్చి చేరినవి. క్రొత్తగా వచ్చిన ప్రతి అంగమును చేతి శ్రమను తగ్గించినది; తెగుటకో, జారుటకో ఒక క్రొత్త చోటును కూడ కల్పించినది. కనుక చుక్కాని చక్రము కథ చెప్పుటయనగా దానిని నిర్మించిన కథతోపాటు, దానిని కాపాడుకొనిన కథను కూడ చెప్పుటయే యగును.

తెడ్డు నుండి పిడికి

ఓడను త్రిప్పుటకు మానవుడు తొలుత వాడిన సాధనము తెడ్డు. వెడల్పైన పొడుగాటి తెడ్డును ఓడ వెనుకభాగమున ప్రక్కగా నీటిలోనికి దించి, దానిని మెలిత్రిప్పినచో ఓడ ముఖము మరలును. ప్రాచీన ఈజిప్టు చిత్రములలోను, అజంతా రెండవ గుహలోని ఓడ చిత్రములోను ఇట్టి తెడ్లు కానవచ్చును. నార్వేలో 1880లో త్రవ్వి తీసిన గోక్‌స్టాడ్ ఓడ తొమ్మిదవ శతాబ్దము నాటిది. దాని చుక్కాని తెడ్డు ఓడ కుడిప్రక్కన అమర్పబడి యున్నది. ఇంగ్లీషు నావికులు ఓడ కుడిప్రక్కను 'స్టార్‌బోర్డు' అనుటకు మూలమిదే. ఆ మాటకు మొదటి అర్థము ఓడను త్రిప్పు పలక యున్న ప్రక్క యని.

ప్రక్కన వ్రేలాడు తెడ్డుకు ఒక లోపము కలదు. గాలికి ఓడ ఒక వైపు ఒరిగినపుడు తెడ్డు నీటిలో మరింత మునుగును. రెండవ వైపు ఒరిగినపుడు నీటినుండి పైకి లేచిపోవును. ఈ చిక్కు తీరవలెనన్న చుక్కాని ఓడ వెనుకభాగమున సరిగా నడుమ ఉండవలెను. చీనాలో కాంటను నగరమువద్ద హాన్ వంశీయుల కాలపు సమాధిలో దొరకిన మట్టి ఓడబొమ్మలో చుక్కాని అట్లే నడుమ నున్నది. ఐరోపాలో ఈ పద్ధతికి నిదర్శనములు 12వ శతాబ్దపు శిల్పములలో కానవచ్చుచున్నవి. ఇంగ్లండులోని వించెస్టరు దేవాలయమున జ్ఞానస్నానపు రాతితొట్టిపై చెక్కిన ఓడ వానిలో నొకటి.

ఇట్లు నడుమ నిలిచిన చుక్కాని తలకు అడ్డముగా బిగించిన కర్రయే చుక్కాని పిడి. ఇది తులాదండ సూత్రముపై పనిచేయును. పిడి ఎంత పొడవైన, చుక్కానిని త్రిప్పుట కంత తక్కువ బలము చాలును. పిడియందు మరియొక గుణము కూడ కలదు. చుక్కానిపై నీరు ఎంత ఒత్తుచున్నదో, ఓడ ఏ వైపునకు లాగుచున్నదో పట్టినవాని అరచేతికి వెంటనే తెలియును. సంస్కృతమున కర్ణమనగా చుక్కాని. దానిని ధరించినవాడు కర్ణధారుడు. ఆ మాట తెలుగులో నేటికిని నాయకుని పేరుగా నిలిచియున్నది.

నిలువు కర్ర

ఓడలు పెరిగినకొలది పిడి చాలకుండ పోయెను. 15, 16 శతాబ్దములలో ఐరోపా ఓడల వెనుకభాగము అంతస్తులుగా పైకి లేచినది. చుక్కాని పిడి క్రింది అంతస్తులో గోడలనడుమ చిక్కుకొనెను. అక్కడ నిలిచినవానికి తెరచాపలు గాని, సముద్రము గాని కనబడవు. అప్పుడు నావికులు పిడి కొనకు ఒక నిలువు కర్రను తగిలించిరి. ఆ కర్ర పై అంతస్తు నేలలోని కన్నము గుండ పైకి వచ్చును. కన్నమువద్ద అది ఒక ఇరుసుపై ఊగును. పైకొనను ఎడమకు నెట్టిన క్రిందికొన కుడికి పోయి పిడిని జరుపును.

స్వీడను రాజుయొక్క వాసా అను యుద్ధనౌకలో ఇట్టి నిలువు కర్రయే యుండెను. ఆ ఓడ 1628 ఆగస్టు 10న తన తొలి ప్రయాణమునందే స్టాక్‌హోము రేవులో ఒరిగి మునిగిపోయెను. 1961లో దానిని దాదాపు చెక్కుచెదరకుండ పైకి లేవనెత్తుటచే ఆనాటి చుక్కాని పద్ధతి ఎట్టిదో ప్రత్యక్షముగా చూచుటకు వీలు కలిగినది.

నిలువు కర్రతో చుక్కానిని కొద్ది డిగ్రీలకంటె ఎక్కువ త్రిప్పుట సాధ్యము కాదు. అంతకు మించి త్రిప్పవలసి వచ్చినపుడు కర్రను విడిచి, పిడికి త్రాళ్ళు కట్టి, పలువురు మనుష్యులు లాగవలసి యుండెను. తుపానులో పెద్ద అల వచ్చి చుక్కానిని కొట్టినచో కర్ర పట్టినవానిని అది ఎగురగొట్టెడిది.

చక్రము వచ్చుట

18వ శతాబ్దపు తొలి సంవత్సరములలో యుద్ధనౌకలపై చక్రము కనబడసాగినది. దాని నిర్మాణము మోట బావివద్ద నీరుతోడు గిలకను గాని, బరువులెత్తు రాట్నమును గాని చూచినవారికి సులభముగా తెలియును. చక్రపు ఇరుసుపై ఒక కొయ్య పీపా ఉండును. దానిపై త్రాడు ఐదు లేక ఏడు చుట్లు చుట్టబడును. త్రాటి రెండు కొనలు డెక్కు కన్నముల గుండ క్రిందికి దిగి, ఓడ ఇరుప్రక్కల నున్న కప్పీలమీదుగా పోయి పిడి కొనకు చేరును. చక్రమును ఒక వైపు త్రిప్పిన ఒక త్రాడు చుట్టుకొనును. రెండవది అంతమేరకు విడివడును. త్రాడు జారిపోకుండ నడిమి చుట్టును పీపాకు మేకుతో బిగించెడివారు.

దీనివలన కలిగిన లాభమును చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. చక్రమును పట్టు చేయి ఇరుసునుండి 75 సెంటీమీటర్ల దూరమున నున్నదనుకొందము. పీపా వ్యాసార్ధము 15 సెంటీమీటర్లు. అప్పుడు చేతి బలము త్రాటివద్ద ఐదు రెట్లగును. 10 కిలోగ్రాముల బరువుతో సమానమగు బలముతో చేయి లాగినచో త్రాడు 50 కిలోగ్రాముల బలముతో పిడిని లాగును. ఆ పిడి మరల ఒక తులాదండమే కదా! అయితే ప్రకృతి దేనినీ ఉచితముగా ఇయ్యదు. త్రాడు ఒక అడుగు కదలుటకు చేయి ఐదడుగులు కదలవలెను. కప్పీల రాపిడిలో కొంత బలము నశించును.

చక్రముతో ఒక క్రొత్త చిక్కు వచ్చినది. పిడి కొన సరళరేఖలో గాక చాపము వెంట కదలును. కప్పీలు మాత్రము కదలక ఒకేచోట ఉండును. అందుచేత పిడి నడుమ ఉన్నపుడు సరిపోయిన త్రాటి పొడవు, పిడి ప్రక్కకు పోయినపుడు సరిపోదు. ఒకచోట బిగువు, మరియొకచోట వదులు ఏర్పడును. వదులైన త్రాడు పీపాపై ఒక చుట్టుమీద మరియొక చుట్టు ఎక్కి చిక్కుపడును. 18వ శతాబ్దపు చివరిభాగమున దీనికి మంచి మందు దొరకినది. పిడి కొన క్రింద విల్లువలె వంచిన దూలము నొకదానిని అమర్చి, త్రాటిని ఆ విల్లు వెంట నడిపించిరి. అప్పుడు పిడి ఎటు పోయినను త్రాటి పొడవు మారదు. ఈ విల్లును జ్ఞాపక ముంచుకొనవలెను. నేటి చిన్న పడవలలో అది మరియొక రూపమున మరల ఎదురగును.

చక్రమునకు పది ఆకులున్నను వానిలో ఒకటి ప్రత్యేకమైనది. చుక్కాని సరిగా నడుమ నున్నపుడు నిటారుగా నిలుచు ఆకు అది. దానిని రాజు ఆకు అనెడివారు. దాని పిడికి త్రాటితో ముడులల్లెడివారు, లేక గాట్లు పెట్టెడివారు. అమావాస్య చీకటిలో సైతము చేతితో తడవి చుక్కాని ఎక్కడ నున్నదో తెలిసికొనుటకు ఈ ఏర్పాటు. చక్రము చేతికిని చుక్కానికిని కల్పించిన దూరమును పూడ్చుటకు నావికులు చేసిన తొలి ప్రయత్నములలో ఇది యొకటి.

యుద్ధము నేర్పిన పాఠము

చక్రము డెక్కుపైన బయట నుండెడిది. దానికి పిడికి నడుమ రెండు మూడంతస్తుల దూరము. ఆ దూర మెంత అపాయకరమో 1805 అక్టోబరు 21న ట్రఫాల్గరు యుద్ధములో తెలిసినది. నెల్సను సేనాని ఎక్కిన విక్టరీ నౌక శత్రువ్యూహమును సమీపించుచుండగనే ఒక గుండు వచ్చి దాని చక్రమును ముక్కలు చేసెను. సామాన్య పరిస్థితులలో నలుగురు త్రిప్పగల చుక్కానిని అపుడు క్రింది అంతస్తులో పిడివద్ద చేరి సుమారు 40 మంది లాగవలసి వచ్చెను. క్విల్లియం, అట్కిన్సన్ అను అధికారులు వంతులవారీగా క్రింద నిలిచి, పైనుండి కేకలతో వచ్చు ఆజ్ఞలను అమలు జరిపించిరి. ఓడ అట్లే శత్రువుల నడుమకు పోయెను.

1812 డిసెంబరు 29న బ్రెజిలు తీరమున అమెరికను నౌక కాన్‌స్టిట్యూషను, బ్రిటిషు నౌక జావా ఒకదానితో నొకటి తలపడినవి. ఆ పోరులో కాన్‌స్టిట్యూషను చక్రము పగిలిపోయెను. దాని నాయకుడు బెయిన్‌బ్రిడ్జి ఆజ్ఞలను మనుష్యుల ద్వారా క్రింది అంతస్తులకు పంపి, పిడితోనే ఓడను నడిపి గెలిచెను. ఓడిన జావాలో ప్రయాణించుచుండిన వారిలో బొంబాయి సైన్యాధిపతి పదవికి నియమింపబడిన హిస్లాపు కూడ ఉండెను. తరువాత మద్రాసు సైన్యమునకు అధిపతి యైనవా డితడే.

ఈ రెండు ఓడలు నిలుచుటకు కారణ మొక్కటే. చక్రము వచ్చినదని పాత పిడిని నౌకాశిల్పులు తీసివేయలేదు. చక్రమునుండి వచ్చు త్రాళ్ళు ఆ పిడికే చేరినవి గనుక చక్రము పోయినను పిడి మిగిలినది.

పిడి మరియొక విచిత్రమైన చోట కూడ నిలిచిపోయినది. అది ఆజ్ఞల భాష. పిడిని కుడికి నెట్టిన ఓడ ఎడమకు తిరుగును. కనుక పాత కాలమున 'కుడికి' అను ఆజ్ఞకు పిడిని కుడికి నెట్టుమని అర్థము. ఓడ తిరుగవలసినది ఎడమకు. చక్రము వచ్చిన రెండు శతాబ్దములకు కూడ ఈ వాడుక మారలేదు. 1912లో టైటానికు నౌక మంచుకొండను ఎదుర్కొన్నపుడు వెలువడిన ఆజ్ఞ 'కుడికి' అని; ఓడ తిరిగినది ఎడమకు. బ్రిటిషు ఓడలలో 1933 నుండి మాత్రమే ఆజ్ఞకు ఓడ తిరుగవలసిన దిక్కే అర్థమైనది.

ఆవిరి చేతికి వచ్చుట

ఇనుప ఓడల కాలమున చుక్కానులు మరింత బరువెక్కినవి. 1858లో నీటిలో దిగిన గ్రేట్ ఈస్టర్న్ పొడవు సుమారు 211 మీటర్లు. అంతకు పూర్వము అంత పెద్ద ఓడ లేదు. 1861 సెప్టెంబరులో అట్లాంటికు తుపానులో దాని ప్రక్కచక్రములు విరిగినవి. చుక్కాని ఇనుప ఇరుసు తెగినది. ఓడ అలలకు అడ్డముగా తిరిగి దొర్లసాగెను. ప్రయాణికులలో హామిల్టన్ టౌల్ అను అమెరికను ఇంజనీరు ఉండెను. అతని సలహాపై తెగిన ఇరుసు భాగముచుట్టు బరువైన గొలుసును చుట్టి, కొనలను ఇరుప్రక్కల కప్పీలకు తగిలించి లాగిరి. ఇరుసుచుట్టు ఏర్పడిన ఆ గొలుసు చుట్టే పీపా పని చేసినది. ఓడ మెల్లగా ఐర్లండులోని క్వీన్స్‌టౌను రేవు చేరినది. సముద్రమధ్యమున చేసిన చుక్కాని మరమ్మతులలో ఇది మిక్కిలి ప్రసిద్ధమైనది.

అదే ఓడకు కొన్ని సంవత్సరముల తరువాత మాక్‌ఫార్లేన్ గ్రే నిర్మించిన ఆవిరి యంత్రమును అమర్చిరి. 1866లో అతడు దానికి పేటెంటు పొందెను. అందు చక్రమును త్రిప్పిన ఆవిరి కవాటము తెరచుకొనును. యంత్రము చుక్కానిని కదల్చును. చుక్కాని కోరిన చోటికి రాగానే ఆ కదలికయే కవాటమును మూయును. 1873లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఫార్కో ఇట్టి యంత్రములకు సర్వోమోటారు అను పేరు పెట్టెను. 1948లో నార్బర్టు వీనరు స్వయంనియంత్రణ శాస్త్రమునకు సైబర్నెటిక్స్ అని నామకరణము చేయుచు, గ్రీకు భాషలో కర్ణధారుని తెలుపు మాటనే తీసికొనెను.

ఆవిరి యంత్రముతో పెద్ద ఓడలలో చేతికి శ్రమ పోయినది, దానితోపాటు చుక్కాని స్పర్శయు పోయినది. గాలిబలమున మాత్రమే సాగు చిన్న పడవలకు ఆ స్పర్శ ప్రాణము. కనుక ఆ పడవలలో చక్రము వేరొక దారి పట్టినది.

చిన్న పడవలోనికి చక్రము

1895 ఏప్రిల్ 24న జాషువా స్లోకం అను నావికుడు అమెరికాలోని బోస్టను రేవునుండి ఒంటరిగా బయలుదేరెను. అతని స్ప్రే అను పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళములు. శిథిలమైన పాత పడవను అతడు తన చేతులతో మరల నిర్మించుకొనినది అది. భూమిని ఒంటరిగా చుట్టివచ్చిన తొలి మానవుడై 1898 జూన్ 27న అతడు న్యూపోర్టు చేరెను. ఆ పడవలో చుక్కానికి చక్రము ఉండెను. స్లోకం చక్రపు ఆకులకు త్రాటిని కట్టివేసి, తెరచాపలను చుక్కానితో సమతూకముగా అమర్చి, పడవను దానంతట అది పోవునట్లు చేసెడివాడు. 1897లో థర్స్‌డే ద్వీపమునుండి హిందూ మహాసముద్రములోని కీలింగు దీవులవరకు గల 2,700 మైళ్ళను 23 దినములలో దాటినపుడు చక్రమువద్ద తాను నిలిచినది మొత్తము మూడు గంటలకు మించదని అతడు వ్రాసియున్నాడు.

ఇరువదవ శతాబ్దమున చిన్న పడవల చక్రము క్రొత్త అంగములను సంతరించుకొనినది. అవి సముద్రమునుండి వచ్చినవి కావు. గనులనుండి, యంత్రశాలలనుండి వచ్చినవి. జర్మనీలో హార్జు కొండల గనులలో బరువులెత్తు గొలుసులు ఉన్నట్లుండి తెగుచుండుట చూచి విల్‌హెల్ము ఆల్బర్టు అను అధికారి వానిని పరీక్షించెను. ఒకేసారి తెగనంత బరువైనను, మరల మరల పడుచుండినచో లోహము అలసి తెగునని అతడు గ్రహించెను. గొలుసులకు బదులుగా 1834లో అతడు ఇనుప తీగలను పేని త్రాడు చేయించెను. 1880లో మాంచెస్టరు నగరమున హాన్స్ రెనాల్డు కనిపెట్టిన రోలరు గొలుసు తరువాత సైకిళ్ళకు, మోటారులకు ప్రాణమైనది. 1913లో షెఫీల్డులో హారీ బ్రియర్లీ తయారుచేసిన తుప్పు పట్టని ఉక్కు ఈ రెండింటికిని ఉప్పునీటిలో ఆయువు పోసినది.

నేటి చిన్న పడవలో చక్రము ఒక స్తంభముపై నుండును. చక్రపు ఇరుసుపై ఒక పళ్ళచక్రము, దానిపై సైకిలు గొలుసువంటి గొలుసు. గొలుసు రెండు కొనలకు ఉక్కు తీగత్రాళ్ళు. అవి స్తంభములోనుండి క్రిందికి దిగి, కప్పీలమీదుగా మలుపు తిరిగి, చుక్కాని ఇరుసుకు బిగించిన వృత్తఖండమువంటి లోహపు పలకను చేరును. నావికులు దానిని క్వాడ్రంటు అందురు. దాని అంచున గాడి యుండును. తీగ ఆ గాడిలో నడచును గనుక క్వాడ్రంటు ఎటు తిరిగినను తీగ బిగువు మారదు. పద్దెనిమిదవ శతాబ్దపు ఓడలలో పిడి క్రింద అమర్చిన విల్లు దూలము చేసిన పని ఇదియే.

కంటికి కనబడని చోట

పిడి పట్టి నడుపు పడవలో ఏది చెడినను కంటికి కనబడును. చక్రమున్న పడవలో చక్రము మాత్రము తళతళలాడుచు పైన ఉండును. తెగగల అంగము లన్నియు డెక్కు క్రింద, సామానులు పెట్టు అరల వెనుక, చీకటిలో ఉండును. అందుచేత సంరక్షణలో మొదటి పని అరలను ఖాళీ చేసి, దీపము పట్టుకొని క్రిందికి దిగుట. ఇరువురు కావలెను. ఒకడు చక్రమును ఈ చివరనుండి ఆ చివరకు మెల్లగా త్రిప్పవలెను. రెండవవాడు క్రింద కూర్చుండి, చేతులను తీగలకును క్వాడ్రంటునకును దూరముగా నుంచుకొని చూడవలెను. కప్పీలు తిరుగుచున్నవా, లేక తీగ వానిపై జారుచున్నదా? కప్పీని పట్టియున్న బోల్టులు కదలుచున్నవా? తీగ గాడిలోనికి సూటిగా పోవుచున్నదా, అంచును ఒరయుచున్నదా? ఇవి చూడవలసినవి.

తీగత్రాడు అనేక సన్నని పోగుల పేనిక. కప్పీమీద వంగినపుడెల్ల దాని పోగులు కొంచెము అలయును. ఆల్బర్టు గనులలో కనుగొనిన లోహపు అలసట ఇక్కడను పనిచేయును. కప్పీ చిన్నదైనకొలది వంపు ఎక్కువ. వంపు ఎక్కువైనకొలది అలసట త్వరగా వచ్చును. తీగ ఒకేసారి తెగదు. మొదట ఒక పోగు, తరువాత మరియొకటి తెగి, కొనలు ముండ్లవలె పైకి లేచును. వానిని కనుగొనుటకు తీగ వెంట ఒక గుడ్డపీలికను నడిపించుట పాత పద్ధతి. తెగిన పోగు ఉన్నచోట గుడ్డ చిక్కుకొనును. వట్టి చేతితో తడవరాదు. ఒక్క పోగు తెగినను ఆ తీగను మార్చుటయే మేలు. ఏలయనగా మిగిలిన పోగులును అంతే కాలము, అంతే వంపుపై పనిచేసినవే. తీగ కొనలవద్ద గోధుమరంగు మరకలు కనబడినను సందేహింపవలెను. తుప్పు పట్టని ఉక్కు గాలి తగులని ఇరుకు సందులలో ఉప్పునీరు నిలిచినచో లోలోపల క్షయించును.

గొలుసుకు పలుచని నూనె పోయవలెను. తీగలను నూనెగుడ్డతో తుడువవలెను. కప్పీల ఇరుసులకును, చక్రపు ఇరుసు బేరింగులకును తయారించినవారు చెప్పిన నూనెనో గ్రీజునో వాడవలెను. స్తంభము తలపైన సామాన్యముగా దిక్సూచి యుండును గనుక, దాని దాపున అయస్కాంతము ఆకర్షించు ఇనుప వస్తువు దేనినీ ఉంచరాదు. మరమ్మతు చేసి మరచిపోయిన చిన్న ఇనుప పనిముట్టు సైతము దిక్కు తప్పించును.

తీగ బిగువు తెలిసికొనుటకు చక్రమును కదలకుండ పట్టి, క్వాడ్రంటును చేతితో కదల్ప చూడవలెను. అది ఇటునటు కదలినచో తీగ వదులైనది. వదులు తీగ పెద్ద అల తాకినపుడు గాడినుండి ఎగిరి కప్పీ ప్రక్కన పడి చిక్కుకొనును. అట్లని వీణతంతివలె బిగింపరాదు. మితిమీరిన బిగువువలన కప్పీల ఇరుసులు అరిగిపోవును. రాపిడి పెరిగి చుక్కాని స్పర్శ చేతికి తెలియదు. బిగించిన తరువాత నట్టులు వదులు కాకుండ రెండవ నట్టునో, చీలనో తప్పక అమర్చవలెను.

చుక్కాని ఇరుప్రక్కల ఎంతవరకు తిరుగవలెనో అంతవరకే తిరుగునట్లు క్వాడ్రంటుకు అడ్డుకట్టలుండును. ఇవి గట్టిగా లేనిచో పడవ వెనుకకు జరిగినపుడు నీరు చుక్కానిని ఒక్క ఊపున ప్రక్కకు విసరును. గొలుసు చివర పళ్ళచక్రమును చేరి విరుగును. క్వాడ్రంటు ఇరుసుపై జారకుండ పట్టియుంచు బోల్టులను కూడ చూడవలెను. కొన్ని పడవలలో తీగలకు బదులు గొట్టములలో నూనె నింపి దాని ఒత్తిడితో చుక్కానిని త్రిప్పుదురు. అట్టివానిలో ప్రధాన శత్రువు గాలిబుడగ. నూనెవలె గాక గాలి ఒత్తిడికి కుదించుకొనిపోవును గనుక, చక్రము తిరిగినను చుక్కాని కదలదు. గాలిని వెళ్ళగొట్టి, నూనె కారుచోటును కనుగొనవలెను.

తెగినపుడు

ఇంత శ్రద్ధ వహించినను సముద్రమున చక్రము పనిచేయని సమయము రావచ్చును. కనుక చక్రమున్న ప్రతి పడవలోను చుక్కాని ఇరుసు తలను చేరుటకు డెక్కులో ఒక మూత, దానిలో అమరు విడి పిడి ఒకటి ఉంచుదురు. మూత తీసి పిడిని తగిలించిన వెంటనే పడవ మూడువందల సంవత్సరముల వెనుకకు పోవును. తీగ తెగినపుడు పిడితో పడవను నిలుపుకొని, తరువాత క్రిందికి దిగి మరమ్మతు చేయవచ్చును. తెగిన తీగకు బదులు సాగని నూలిత్రాటిని కప్పీలమీదుగా నడిపియో, మిగిలిన తీగను మడచి బిగింపులతో పట్టించియో రేవు చేరవచ్చును. చక్రము బాగుండి చుక్కానియే విరిగినచో పిడికి కూడ పని యుండదు. అప్పుడు తెరచాపలను ముందు వెనుకల సమతూకము చేసియో, వెనుక త్రాళ్ళను ఈడ్చుచు వానిని ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు మార్చియో పడవను త్రిప్పవలెను.

ఇది పుస్తకములలోని భయము మాత్రము కాదు. 1979 ఆగస్టులో ఇంగ్లండు, ఐర్లండుల నడుమ జరిగిన ఫాస్ట్‌నెట్ పందెములో 303 పడవలు పాల్గొనినవి. తుపానులో ఐదు పడవలు మునిగినవి. 24 పడవలను నావికులు విడిచిపెట్టవలసి వచ్చెను. పందెములోని 15 మంది నావికులు మరణించిరి. పలు పడవల చుక్కానులు విరిగినవి. అప్పటికి క్రొత్తదైన కర్బనపు పోగులతో చేసిన చుక్కాని ఇరుసులు కొన్ని ఆ అలలకు ఆగలేదని విచారణలో తేలినది.

తెలుగువారికి ఇంకను సన్నిహితమైన ఉదాహరణ మొకటి కలదు. 2017 సెప్టెంబరు 10న భారత నౌకాదళపు తారిణి అను తెరచాప పడవ గోవానుండి భూప్రదక్షిణకు బయలుదేరెను. పొడవు 55 అడుగులు. నడిపినవారు ఆరుగురు మహిళాధికారులు. వర్తికా జోషి నాయకురాలు. విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన బి. ఐశ్వర్య వారిలో నుండిరి. ఆస్ట్రేలియా, న్యూజీలాండు, ఫాక్‌లాండు దీవులు, కేప్‌టౌను దాటి, పసిఫికు మహాసముద్రపు తుపానులను తట్టుకొని వచ్చిన ఆ పడవకు చివరి మజిలీలో, స్వదేశము దాపునకు వచ్చుచుండగా, చుక్కాని యంత్రాంగము చెడెను. 2018 ఏప్రిల్ 18న వారు దారి మళ్ళించి మారిషసు ద్వీపములోని పోర్ట్ లూయిస్ రేవు చేరిరి. మరమ్మతు చేయించుకొని తిరిగి బయలుదేరి, 21,600 నాటికల్ మైళ్ళ యాత్రను పూర్తిచేసి, మే 21న గోవాలో దిగిరి. వేల మైళ్ళు నిర్విరామముగా వంగుచు నిటారగుచు పనిచేసిన యంత్రాంగము ఎప్పుడో ఒకనాడు అలయును. అలసినపుడు ముందుకే పోవుదమను పట్టుదలకు లోబడక, దగ్గరి రేవును వెదకి బాగుచేసికొనుట కూడ కర్ణధారుల విద్యలో భాగమే.

నేడు ఉపగ్రహములు దారి చూపుచున్నవి. విద్యుత్తు యంత్రములు రాత్రింబవళ్ళు చుక్కానిని త్రిప్పుచున్నవి. కొన్ని పడవలలో రెండేసి చక్రము లున్నవి. అయినను అర అడుగున పాత పిడి పడియే యుండును. చాల పడవలలో దానిని కొన్ననాటినుండి ఎవరును బయటికి తీసి చూచి యుండరు. ఆ పిడి ఇరుసు తలపై సరిగా కూర్చుండునా, దాని మూత ఉప్పుపట్టి బిగుసుకొనిపోయినదా, పిడి తిరుగునపుడు స్తంభమునకు తగులునా అను సంగతులు గాలి నెమ్మదిగా నున్న పగటివేళ ఒకసారి తగిలించి చూచిననే తెలియును. అనుభవముగల నావికులు సంవత్సరమున కొక దినమైనను చక్రమును ముట్టక, ఆ పిడితోనే పడవను రేవు దాటించి తెత్తురు.